ఊరు దాటిన విస్తరి

సాయంకాలమున గ్రంథాలయపు అరుగుపై పెద్దలు కూర్చున్నప్పుడు సంభాషణ వానలతో మొదలైనను, ఎన్నికలతో మొదలైనను, తుదకు బాల్యమునకే చేరును. మొట్టమొదట పట్టణము చూచిన ముచ్చట వచ్చినచో ఒక విచిత్రము గోచరించును. రాజమహేంద్రవరము పోయినవాడు కోటిలింగాల రేవును, బెజవాడ పోయినవాడు కనకదుర్గమ్మ కొండను చూచియే యుండును. కాని అరువది డెబ్బది యేండ్ల తరువాత వారికి చక్కగా జ్ఞప్తియందున్నవి అవి కావు. పాలరాతి బల్లపై పెట్టిన రెండు ఇడ్లీలు, వాని ప్రక్కన కొబ్బరి పచ్చడి, ఇత్తడి గ్లాసులో నురుగుతో వచ్చిన కాఫీ, ఎదుట కూర్చున్న తండ్రి, ఇవి జ్ఞప్తియందున్నవి. ఆనాడు ఎవరు లోపల కూర్చుండిరో, ఎవరు వెలుపల నిలిచిరో కూడ జ్ఞప్తియందున్నది.

చరిత్ర వ్రాయువారు సాధారణముగ రాజుల యుద్ధములను, దానశాసనములను గణింతురు. బాటసారి కుటుంబము రాత్రివేళ ఎవరి యరుగుపై అన్నము తినెనో అంతగా పట్టించుకొనరు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఈ లోపమును చాలవరకు తీర్చినది. ఊరు దాటిన మనుష్యునికి అన్నము ఎవరు పెట్టిరి, ఎవరి సరసన కూర్చుండబెట్టిరి అను ప్రశ్న చిన్నదిగా తోచును. దాని వెంట నడచినచో తెలుగు సంఘము యొక్క వంటిల్లు, వీధి వాకిలి, పెరటి గుమ్మము మూడును కనబడును.

పూర్వము వండిన యన్నమును అమ్ముట దోషము. బ్రాహ్మణుడు గతిలేక వైశ్యవృత్తిచే జీవింపవలసి వచ్చినప్పుడు అతడు అమ్మరాని వస్తువుల పట్టిక మనుస్మృతి పదవ అధ్యాయమున కలదు. అందు వండిన యన్నము చేరియున్నది. అన్నము పెట్టవలసినదే కాని అమ్మవలసినది కాదు. కావ్యములును ఈ ధర్మమునే చాటినవి. పెద్దన మనుచరిత్రమున ప్రవరుని యిల్లాలు ఎందరు అతిథులు వచ్చినను, ఏ వేళ వచ్చినను విసుగు లేక వండి పెట్టును. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింట జడివాన దినములందును అతిథిపూజ ఆగదు. కట్టెలు తడిసినపుడు ఇల్లాలు కొబ్బరిచిప్పలను పొయ్యిలో పెట్టి, కంట పొగ సోకకుండ వండును. కూరలు, వరుగులు, వడియములు, పెరుగు, ఏదియు తక్కువ కాదు. దిగ్విజయములు చేసిన చక్రవర్తికి తడి కట్టెల పొగ సంగతి ఎట్లు తెలిసెనో గాని, ఆ పద్యము చదివిన గృహిణికి రాయలవారు చుట్టమువలె తోచును.

ఇట్టి ఆతిథ్యము కావ్యములలో ఉన్నంత విరివిగా బాటపై దొరకదు. కావుననే బయలుదేరు ముందు ఇంటి స్త్రీలు తెల్లవారుజామున లేచి చద్దిమూట కట్టుచుండిరి. పులిహోర, పెరుగన్నము, అటుకులు, ఆవకాయ బద్ద, దాహమునకు మరచెంబు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి మండలమున కాలువలు పొలములకే గాక ప్రయాణములకును ఉపకరించినవి. గట్టుపై మనుష్యులు త్రాడు పట్టి పడవను లాగుచుండగా, పిల్లలు తల్లుల ఒడిలో తలలు పెట్టి నక్షత్రములు చూచుచు నిద్రపోవుచుండిరి. తెల్లవారి ఏ లాకుల వద్దనో పడవ ఆగును. స్నానములు ముగించి మూటలు విప్పుదురు. ఊరి వెలుపల అన్నము తినుట యనగా ఆనాటి పిల్లలకు ఇదియే. ఇంట ముద్ద మ్రింగనని మారాము చేయు పిల్లవాడు కాలువ గట్టున రెండవమారు అడిగి పెట్టించుకొనెడివాడు. అయితే ఎవరి మూట వారిది, ఎవరి చెట్టునీడ వారిది. రాత్రి యంతయు ఒకే పడవలో ఒరసికొని పండుకొన్నవారు ప్రొద్దుట చెట్టున కొకరుగా విడిపోవుచుండిరి. పిల్లవాడు దానిని అడుగడు, చూచి నేర్చుకొనును.

చద్దిమూటకు ఆయుష్షు ఒకటి రెండు పూటలే. అటుపై సత్రము శరణ్యము. తెలుగునాట సత్రములకు సంబంధించిన లిఖిత సాక్ష్యములలో 1261 నాటి మల్కాపుర శాసనము మిక్కిలి ముఖ్యమైనది. కాకతి రుద్రమదేవి కాలమున, కృష్ణాతీరమందలి మందడము ప్రాంతమున, గోళకీమఠాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యుడు దేవాలయముతో పాటు విద్యామఠమును, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, అన్నసత్రమును నిలిపెను. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలుకొని చండాలుని వరకు వచ్చిన వారందరికిని అన్నము పెట్టవలెనని శాసనము విధించినది. రాతిపై చెక్కిన ఆ మాట ఇప్పటికిని చదువుటకు గర్వముగా నుండును. కాని అన్నము అందరికిని అందుట వేరు, అందరును ఒక పంక్తిని కూర్చుండుట వేరు. రెండవదాని కొరకు దేశము మరి ఏడు వందల యేండ్లు వేచియుండవలసి వచ్చెను.

సత్రము దాత పెట్టునది. డబ్బిచ్చి తినునది పూటకూళ్ళ యిల్లు. పూటకూడు అనగా ఆ పూటకు తిను కూడు. క్రీడాభిరామమను వీథినాటకము వినుకొండ వల్లభరాయని పేర వెలసినది. శ్రీనాథుని చేయి అందున్నదని వాదించువారును కలరు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. అందు మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు ఓరుగల్లు వీథులు చూచుచు తిరుగుదురు. ఆ నగరమున ఒక బ్రాహ్మణుని పూటకూటి యింట ఒక్క రూకకు దొరకు భోజనమును కవి నోరూరునట్లు వర్ణించెను. సన్నని బియ్యపు టన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడు కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఒక రూక కిన్ని పదార్థములా యని నేటివారు నోరు తెరచిన తెరవవచ్చును గాని, ఇందు గమనింపదగినది ధర కాదు. మనువు వలదన్న పనిని ఓరుగల్లు బ్రాహ్మణుడు నిర్భయముగా చేయుచుండెను, ఊరు దానిని తప్పుపట్టలేదు. ఇక్కడనే ఈ చరిత్రకు కీలకము ఉన్నది. బ్రాహ్మణుడు వండినది ఇతర కులములవారు తినవచ్చును; ఇతరులు వండినది బ్రాహ్మణుడు తినరాదు. అందరికిని పనికివచ్చు వంట ఒకరి చేతిలోనే యుండుటచే, అన్నము అమ్మరాదని శాస్త్రము ఎవరిని కట్టడి చేసెనో వారే అమ్మిన గాని నగరమున బాటసారికి జరుగదయ్యెను. శాస్త్రము ఒక తలుపు మూసి, తానే మరియొక తలుపు తెరచినది.

పట్టణములలో ఇట్లుండగా బాటవెంబడి పల్లెలలో స్థితి వేరు. చెన్నపట్టణమున సుప్రీముకోర్టునందు దుబాసిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తల్లిని, భార్యను వెంటబెట్టుకొని సుమారు నూరుగురు పరివారముతో 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. మజిలీ మజిలీకిని అక్కడ అంగళ్ళు కలవా, సత్రము కలదా, బ్రాహ్మణుల ఇండ్లు కలవా, నీరు మంచిదా యని వారు వ్రాసికొనిరి. కడప, హైదరాబాదు, నాగపూరు దారిలో అంత పెద్ద కుటుంబము కూడ సామగ్రి కొని తామే వండుకొనవలసినదే. ధనమున్నంత మాత్రమున దారిలో అన్నము దొరకునన్న నమ్మకము ఆనాడు లేదు.

పూటకూళ్ళ యింటిని మన వాఙ్మయము మిక్కిలి చులకన చేసినది. “పూటకూళ్ళమ్మ పుణ్య మెరుగునా” యని సామెత. గురజాడవారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి వ్రాయబడినది. అందు చీపురుకట్టతో వచ్చు పూటకూళ్ళమ్మను చూచి నూరేండ్లకు పైగా జనము నవ్వుచున్నారు. ఆమె సంత సామానుల కిచ్చిన సొమ్మును గిరీశము కాజేసినాడన్న సంగతి ఆ నవ్వులో మరుగున పడిపోవును. నిజమునకు ఈ వృత్తిలోనికి వచ్చినవారిలో అనేకులు భర్తను కోల్పోయిన స్త్రీలు. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. అటుపిమ్మటను ఆ భాగ్యము కొందరికే. తక్కినవారికి పుట్టింటను మెట్టినింటను వంట చాకిరియే మిగిలినది. ఆ చాకిరినే తన యింట తన చేతిమీద చేసి, పూటకింత యని పుచ్చుకొన్నది పూటకూళ్ళమ్మ. ఎవరికి పుణ్యము తెలియదో ఆలోచింపవలసినదే.

ఈ సామెతకు సమాధానము ఒంగోలులో కలదు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతింపగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్ళ యిల్లు పెట్టి పిల్లలను పెంచిరి. ఆ సంగతిని పంతులుగారు తమ ‘నా జీవితయాత్ర’లో దాచక వ్రాసికొనిరి. పరుల పిల్లలకు, వ్యాజ్యముల కొరకు వచ్చిన పల్లెటూరివారికి వడ్డించిన విస్తళ్ళ మీదనే ఆ యింటి చదువు సాగినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు దాని మొదటి ముఖ్యమంత్రి ఒక పూటకూళ్ళమ్మ కుమారుడు. ఈ వాక్యమును సామెతల పుస్తకములో ఆ సామెత ప్రక్కన అచ్చువేయదగును.

పూటకూళ్ళ యింటికి ఇచ్చుకొనలేని పిల్లలు వారములు చేసికొనిరి. ఆదివారము ఒకరింట, సోమవారము ఒకరింట, ఇట్లు ఏడు గడపలలో ఏడు దినములు తిని పట్టణమున చదువుకొన్న బీద విద్యార్థులు అనేకులు. వారికి ఊరి వెలుపలి భోజనము వినోదము కాదు. ఏ యింట పెరుగు వేయుదురో, ఏ యింట నీళ్ళమజ్జిగతో సరిపుచ్చుదురో, ఏ యింట ఆలస్యమైనచో తలుపు తీయరో వారికి కంఠస్థము. గురువారము తిన్న యింటివారి మంచి మాటను ముసలితనములో కూడ తలచుకొన్నవారు కలరు. బుధవారపు ఇంటి సంగతి చెప్పక తలవంచుకొన్నవారును కలరు.

గోదావరి లంకలలో అన్నమును అమ్మక, అడుగక పెట్టిన యిల్లొకటి వెలసినది. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1841 నుండి 1909 వరకు జీవించిరి. నదిపాయలు దాటి వచ్చు బాటసారులకు, వరదలలో చిక్కినవారికి వేళ యన్నది లేక వండి వడ్డించిరి. కులమేమని ఆ గడపలో అడుగలేదని ప్రతీతి. ఆమెను గూర్చి ఆ ప్రాంతమున ఒక కథ చెప్పుకొందురు. జీవితములో ఒకమారైనను అంతర్వేది నరసింహస్వామిని సేవింపవలెనని ఆమె పల్లకిలో బయలుదేరినదట. త్రోవలో ఒక కుటుంబము నడచిపోవుచున్నది. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, “ఇంకొంచెము ఓర్చుకొనుడు, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టును” అని పెద్దలు ఊరడించుచున్నారు. ఆ మాట చెవిని పడగానే ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి పొయ్యి వెలిగించినదట. తల్లిదండ్రులు పిల్లలను ఓదార్చుటకు ఒక యింటి పేరు చెప్పుకొనుట! ఏ హోటలు యజమానియు తన ప్రకటనలలో ఇంతకంటె మంచి మాట వ్రాయించుకొనలేదు.

ఇంతలో రైలు వచ్చినది. బెజవాడ నుండి చెన్నపట్టణమునకు 1899లో రైలుమార్గము ఏర్పడినది. 1900లో గోదావరిపై వంతెన పూర్తియైనది. రైలుపెట్టెలో ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుందురో నియమించుట ఎవరి తరము? టిక్కెట్టు కొన్నవాడు కూర్చుండును. కాని స్టేషనులో దిగి దాహము పుచ్చుకొనవలసి వచ్చినప్పుడు మరల పాత గోడలే. హిందువులకు వేరు నీళ్ళు, మహమ్మదీయులకు వేరు నీళ్ళు; భోజనశాలలలో బ్రాహ్మణులకు వేరు చోటు. పెట్టెలో అతుకుకొని కూర్చున్నవారు స్టేషనులో విడిపోయి, కూత వేయగానే మరల వచ్చి అతుకుకొని కూర్చుండుట, కాలువ గట్టున చెట్టునీడల పద్ధతికి పొగబండి రూపము.

ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో పట్టణములందు కాఫీ హోటళ్ళు తలయెత్తినవి. వీనిని నడపినవారిలో పలువురు దక్షిణ కన్నడ మండలపు ఉడిపి ప్రాంతము వారు, అరవదేశపు అయ్యరులు. శ్రీకృష్ణ మఠపు వంటలతో పేరొందిన ఉడిపి పేరే ఈ హోటళ్ళకు జాతిపేరు అయినది. చెన్నపట్టణము 1953 వరకు కోస్తా, రాయలసీమల వారికిని రాజధాని యగుటచే, అక్కడి హోటళ్ళ రుచులు పనిమీద పోయినవారి నాలుకలపై నెక్కి ఇక్కడికి వచ్చినవి. ఉడిపి ప్రాంతము నుండి వచ్చిన కె. కృష్ణారావుగారు 1938లో చెన్నపట్టణపు రాయపేటలో ఉడ్‌లాండ్స్ హోటలు తెరచిరి. 1962లో అదే పేర తెరచిన తోట హోటలులో కుటుంబములు కారు దిగకయే ఫలహారము చేయుట ఒక వేడుక. అది 2008లో మూతపడినపుడు బాల్యమును పోగొట్టుకొన్నట్లు విచారించినవారిలో తెలుగువారును చాలమంది కలరు.

చిన్న పట్టణములలోని హోటలు అంత వైభవము గలది కాదు. వాకిట రంగు బల్ల, లోన గోడలకు దేవుళ్ళ పటములు, నిలువుటద్దము, గల్లాపెట్టె వెనుక విభూతి రేఖలతో యజమాని. సర్వరు ఒక చేతిపై నాలుగు పళ్ళెములు అమర్చుకొని వచ్చి, ఉన్న పదార్థముల పేర్లన్నియు ఊపిరి తిప్పుకొనక అప్పగించును. పిల్లవాడు ఎక్కాలు అంత వేగముగా ఎన్నడును చెప్పలేదు. తిని లేచినప్పుడు ఎంత అయినదో సర్వరు అక్కడినుండియే గల్లాపెట్టెకు కేకవేయును. తండ్రి జేబులోని సొమ్ము నలుగురికిని తెలిసిపోవును. ఇడ్లీని మొదటిసారి చూచిన పల్లెటూరి ముసలమ్మలు “ఇది మన ఆవిరికుడుమే కదా” యని పెదవి విరిచిరి. పెసరట్టును మాత్రము ఎవరును తప్పుపట్టలేదు. అది గోదావరి ప్రాంతపు స్వంత సొత్తు. కాఫీపై పెద్దల కోపము చాలకాలము నిలిచినది. ఇంట కాఫీ త్రాగిన కోడలిని దండించిన అత్తలు, పట్టణములో తామే దానిని రుచి చూచి మౌనము వహించిన సందర్భములు ప్రతి వంశములోను ఉండును.

స్త్రీలు హోటలుకు వచ్చుట మరికొంత కాలమునకు గాని జరుగలేదు. మొదట వారి కొరకు తెర కట్టిన చిన్న గదులు ఏర్పడినవి. కుటుంబములకు ప్రత్యేకమని వానిపై వ్రాసియుండును. అంతకు ముందు తల్లి సత్రమున మడికట్టుకొని వండుకొనుచుండగా, తండ్రి పిల్లవానిని వేలు పట్టుకొని హోటలుకు తీసికొనిపోయెడివాడు. ఆకులో కట్టించి తెచ్చిన గారెను తల్లి ముట్టునదా లేదా యనునది ఆ యింటి ఆచారము.

మాంసాహారులకు వేరుగా ‘మిలిటరీ హోటళ్ళు’ ఉండెడివి. హైదరాబాదులో ఇరానీ హోటళ్ళ రీతి మరియొకటి. ఇరాను దేశమునుండి వచ్చినవారు నాలుగు వీథుల మూలలలో తెరచిన ఆ దుకాణములలో ఒక ప్యాలా చాయ్, రెండు ఉస్మానియా బిస్కట్లు తీసికొని ఎంతసేపు కూర్చున్నను లెమ్మనువారు లేరు. వండినవాని కులమును బట్టి మడి నిలుపుకొనువారు అక్కడికి పోరు. పోయినవారికి ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండిరను పట్టింపు అంతగా లేదు. కోస్తా హోటలు పరిశుభ్రమైన వంట ఇచ్చి పంక్తిని విభజించినది. ఇరానీ హోటలు వంటను గూర్చి ఏమియు చెప్పక బల్లను కలిపినది.

కొన్నేండ్ల క్రిందట గతించిన ఒక వృద్ధుడు పఠన మందిరమున పలుమారు చెప్పిన ముచ్చట యొకటి కలదు. అది 1940 ప్రాంతపు మాట. అప్పటికి ఆయనకు ఎనిమిదేండ్లు. తండ్రి భూమి వ్యాజ్యమునకై రాజమహేంద్రవరము పోవుచు కుమారుని వెంట తీసికొనిపోయెను. సామాను మోయుటకు పాలేరు, వానితో పాటు వాని కుమారుడును వచ్చిరి. పిల్లలిద్దరును ఒక యీడువారు. ఊరి చెరువులో కలిసి ఈదినవారు. రాత్రి పడవలో ఒకే గోనెసంచిపై కూర్చుండి పాటలు పాడుకొన్నవారు. కచేరి వేళకు ముందు అందరును ఒక హోటలు వద్దకు చేరిరి. తండ్రియు కుమారుడును లోనికి పోయిరి. పాలేరు అడుగకయే ప్రక్క సందులోనికి తిరిగెను. అతని కుమారుడు మాత్రము తెలియక మెట్టు ఎక్కబోగా, తండ్రి వాని భుజము పట్టి వెనుకకు లాగెను.

లోపల ఇడ్లీలు వచ్చినవి. కిటికీలోనుండి సందు కనబడుచున్నది. సర్వరు పెరటి గుమ్మము వద్ద నిలిచి, రెండు ఇడ్లీలను ఆకులో పెట్టి పైనుండి జారవిడిచెను. కాఫీని కొబ్బరిచిప్పలో ఎత్తునుండి పోసెను. కొంత చిందినది. పాలేరు కుమారుడు చేయి వెనుకకు తీసికొని, మరల చాచెను. లోపలి పిల్లవాడు తండ్రిని “వాడు లోపలికి రాడేమి?” యని అడిగెను. తండ్రి మంచివాడు, పాలేరును ఎన్నడును పరుషముగా పలుకనివాడు, ఆ ఇడ్లీలకును పైకము ఇచ్చినది ఆయనయే. అయినను సమాధానము చెప్పలేదు. “తిను, చల్లారిపోవుచున్నది” అనెను.

ఆ తరువాత గోదావరి చూచిరి, తిరిగి పడవ ఎక్కిరి. ఆ రాత్రి పాటలు లేవు. ఊరు చేరిన పిదప ఈ పిల్లవాడు హోటలు సంగతి పదిమందికి పదిమార్లు చెప్పెను. రెండవ పిల్లవాడు పట్టణమున తిన్నదేమని ఇంట చెప్పెనో ఎవరును అడుగలేదు. చెప్పుచు చెప్పుచు ఆ వృద్ధుడు ఇక్కడ ఆగి, చుట్ట వెలిగించుకొనెడివాడు. తన జీవితమున తాను నేర్చిన మొదటి పాఠము బడిలోనిది కాదనియు, అది ఆ కిటికీలోనిదనియు ఆయన యనెడివాడు. దానిని మరచుటకు తనకు ముప్పదియేండ్లు పట్టినదని ఇంకొక మాట కూడ చేర్చెడివాడు.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదిహేనవ అధికరణమున దుకాణములు, భోజనశాలలు, హోటళ్ళు అని పేరుపేరున చెప్పి, మతము, జాతి, కులము, లింగము, పుట్టిన చోటు కారణముగ ఎవరిని అక్కడ ప్రవేశింపకుండ ఆపరాదని శాసించినది. పదునేడవ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. రాజ్యాంగము వ్రాసిన మహనీయులు కాఫీ హోటలును కూడ మరువక పేర్కొనిరన్నచో, ఆ మెట్టు ఎంత ఎత్తయినదో వారికి తెలిసినందుననే. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది; 1976లో దానిని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చిరి. పట్టణములలో బ్రాహ్మణులకు వేరని వ్రాసిన బల్లలు క్రమముగ దిగిపోయినవి. పల్లెలలో చట్టము నెమ్మదిగా నడచినది. హోటలు పట్టణపుది, అక్కడ ఎవరి మొగము ఎవరికి తెలియదు; టీ దుకాణము ఊరిది, అక్కడ అందరి తాతలను అందరును ఎరుగుదురు. అందుచేతనే టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి చట్టము వచ్చిన దశాబ్దముల తరువాతను అనేక గ్రామములలో సాగినది. ఒక గ్లాసు బల్లపై, రెండవది చూరులో. రెండవ దానిని త్రాగినవాడే కడిగి మరల చూరులో పెట్టవలెను. ఈ పద్ధతి ఏ యూరిలో ఎప్పుడు పోయినదో ఆ యూరివారే నిజాయితీగా వ్రాసి యుంచుట మంచిది.

నేటి పిల్లలు ఇంటి వెలుపల అన్నము తినునది ముఖ్యముగ బడిలో. 2001లో సుప్రీముకోర్టు ప్రభుత్వ పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనము పెట్టవలెనని ఆదేశించినది. ఆంధ్రప్రదేశమున 2003 జనవరి నుండి అది అమలైనది. 2004లో అదే న్యాయస్థానము వంటవారి నియామకమున దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యము ఇయ్యవలెనని చెప్పినది. ఓరుగల్లు పూటకూటి యింట పుట్టిన ముడి, అనగా వండిన చేయి ఎవరిదన్న ముడి, విప్పబడవలసిన చోటు అదియేనని న్యాయమూర్తులు గ్రహించిరి. దేశమున కొన్ని చోట్ల ఆ వంటను తమ పిల్లలు తినరాదని తల్లిదండ్రులు అడ్డుపడిరి. పిల్లలు అడ్డుపడినట్లు వార్త అరుదు. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఈ భోజన పథకమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది.

ఆ వృద్ధుడు తన చివరి సంవత్సరములలో మధ్యాహ్నమున పత్రిక చదువుటకు వచ్చి, బడి గంట మ్రోగువరకు లేచెడివాడు కాడు. గంట కాగానే పిల్లలు పళ్ళెములు మ్రోగించుచు వచ్చి, వరండాలో ముందు వచ్చినవాడు ముందుగా కూర్చుందురు. ఒకనాడు అక్కడ పెద్ద గొడవ వినబడినది. ఆయన పత్రిక మడచి, కిటికీ వద్దకు పోయి, ఏమైనదని ఒక పిల్లను పిలిచి అడిగెను. పప్పులో ఉప్పు చాలలేదనియు, ప్రక్కవానికి తనకంటె పెద్ద కోడిగ్రుడ్డు వచ్చినదనియు ఆ పిల్ల ఫిర్యాదు చేసినది.